జిగణిలో మా రాయి షెడ్డులో దుమ్ము కొలిపించాం, ఆ సర్వీస్ ఎట్టా ఉందో చెప్తున్నా (5కి 4.5)

మాది బెంగళూరు పక్కన జిగణి ఇండస్ట్రియల్ ఏరియాలో చిన్న షెడ్డు. కిచెన్ ప్లాట్‌ఫామ్‌లు, బాత్రూమ్ కౌంటర్లు, మెట్లకి మోల్డింగ్, ఇదీ పని. సర్జాపుర, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల ఆర్డర్లే ఎక్కువ. పదకొండు మందిమి, అందులో ఆరుగురు మా ప్రకాశం జిల్లా వాళ్ళే. నాది చీమకుర్తి పక్కన ఊరు, మా నాన్న క్వారీలో చేశాడు, నేను చిన్నప్పటి నుంచి రాయి దుమ్ములోనే పెరిగా కాబట్టి దుమ్ము అంటే నాకు ఎప్పుడూ భయం లేదు, సాయంత్రం తలస్నానం చేస్తే పోతుంది అనుకునేవాళ్ళం. ఇప్పుడు అట్టా అనుకోవట్లేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా, ఓపిక ఉంటే చివరిదాకా చదవండి, రాయి పనిలో మీవాళ్ళు ఎవరైనా ఉంటే తప్పకుండా చదవండి.

ముందే చెప్తా, ఏజెన్సీ పేరు రాయట్లేదు. రెండు ఏజెన్సీల సంగతి ఉంది ఇందులో, మొదటి వాళ్ళ పేరు దాచి రెండో వాళ్ళ పేరు మాత్రం రాస్తే ప్రచారంలా ఉంటుంది. వాళ్ళు ఏం చేశారో తెలిస్తే మీరు ఏ ఊళ్ళో ఉన్నా ఎవరినైనా పిలిచి, పని సరిగ్గా చేస్తున్నారో లేదో మీరే చూసుకోవచ్చు.

పోయినేడు మాకు ఒక పెద్ద బిల్డర్ దగ్గర ఆర్డర్ వచ్చింది, వెండర్ కింద నమోదు చేసుకోవాలంటే వర్క్‌ప్లేస్ ఎయిర్ మానిటరింగ్ రిపోర్ట్ కావాలన్నారు. తెలిసినాయన ఒక ఏజెన్సీని పంపించాడు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి పెద్ద డబ్బా లాంటి మిషన్ ఒకటి మా ఆఫీస్ రూమ్ ముందు వరండాలో పెట్టారు, ఒక గంట నడిపారు, టీ తాగి వెళ్ళిపోయారు. షెడ్డు లోపలికి ఒక్కసారి కూడా రాలేదు, పాలిష్ మేస్త్రీలతో మాట్లాడలేదు. మూడు రోజుల్లో రిపోర్ట్ వచ్చింది, పీఎం10 (అంటే పది మైక్రాన్ల లోపు సన్న దుమ్ము) ఎనభై ఆరు మైక్రోగ్రాములు, లిమిట్ వంద, లిమిట్ లోపలే ఉంది అని రాసి స్టాంప్ వేశారు. నేను సంతోషంగా ఫైల్లో పెట్టేశా.

ఆ వంద అనేది ఊళ్ళో బయట గాలికి పెట్టిన లిమిట్ అని నాకు తర్వాత తెలిసింది. 2009లో ప్రకటించిన జాతీయ వాయు నాణ్యతా ప్రమాణాల్లో పీఎం10కి 24 గంటల సగటు క్యూబిక్ మీటర్‌కి 100 మైక్రోగ్రాములు. అది రోడ్డు మీద పోయే మనిషి కోసం, 24 గంటలు కొలిచి చూడాల్సింది. గ్రైండర్ పట్టుకుని ఎనిమిది గంటలు రాయి మీద వంగి ఉండే మనిషికి దానికీ సంబంధమే లేదు. పనిచేసే చోట లెక్క వేరు, కొలిచే పద్ధతి వేరు, చట్టం కూడా వేరు. ఒక గంట వరండాలో డబ్బా పెట్టి ఇచ్చిన ఆ కాయితాన్ని నమ్మి నేను ఆరు నెలలు ఊరుకున్నా. ఆ ఆరు నెలలు గుర్తొస్తే ఇప్పటికీ బాధే.

మేలుకుంది మా బాబాయ్ వల్ల. వరసకి బాబాయ్, మా షెడ్డులో ఎడ్జ్ పాలిష్ మేస్త్రీ, ఆయన చేతిలో మోల్డింగ్ గాజులా వస్తుంది. పొద్దున్నే దగ్గు వచ్చేది, "సిగరెట్ వల్లరా అబ్బాయ్" అనేవాడు. సిగరెట్ మానేసి ఏడాదయినా దగ్గు పోలేదు. ఒకరోజు పైన అటక మీద నుంచి చెక్క పెట్టె దింపడానికి నిచ్చెన ఎక్కి నాలుగో మెట్టు దగ్గర ఆగిపోయాడు, ఆయాసం. నలభై ఆరేళ్ళ మనిషి.

అప్పుడు వెతికితే రెండో వాళ్ళు దొరికారు. ఫోన్ చేయగానే వాళ్ళు అడిగిన మొదటి ప్రశ్న "ఏం రాయి కోస్తారండీ?" అని. రేటు చెప్పలేదు, ఎన్ని పాయింట్లు కావాలి అనలేదు. బ్లాక్ గెలాక్సీ, స్టీల్ గ్రే, టాన్ బ్రౌన్, ఈ నాలుగేళ్ళుగా ఎక్కువగా క్వార్ట్జ్ స్లాబులు అని చెప్పా. "క్వార్ట్జ్ స్లాబు పొడిగా కోస్తారా, నీళ్ళతోనా?" అని రెండో ప్రశ్న. అక్కడే నాకు వీళ్ళకి పని తెలుసు అనిపించింది.

ఈ ప్రశ్న ఎందుకు అంత ముఖ్యమో చెప్తా. మనం అన్నిటినీ గ్రానైట్ అనే అంటాం కానీ మా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ అసలు గ్రానైట్ కాదు, గాబ్రో జాతి రాయి, అందులో క్వార్ట్జ్ చాలా తక్కువ. నిజమైన గ్రానైట్ అంటే క్వార్ట్జ్ 20 శాతం పైన ఉంటుంది. ఫ్యాక్టరీలో క్వార్ట్జ్ పొడిని రెజిన్‌తో అతికించి చేసే స్లాబుల్లో 90 శాతం పైన కూడా ఉంటుంది. ఊపిరితిత్తుల్ని పాడుచేసేది ఆ క్వార్ట్జే, అంటే క్రిస్టలైన్ సిలికా. ఆ దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు సిలికోసిస్, అది వస్తే తగ్గించే మందు లేదు, దానితో టీబీ వచ్చే ముప్పు కూడా ఎక్కువ. పని ఆపేసినా జబ్బు ముదురుతూనే ఉండొచ్చు. క్రిస్టలైన్ సిలికా దుమ్ము మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా ఏజెన్సీ 1997లోనే మొదటి గ్రూపులో పెట్టింది. ఆస్ట్రేలియాలో అయితే ఈ ఇంజినీర్డ్ స్టోన్ స్లాబుల్ని 2024 జూలై 1 నుంచి మొత్తానికే నిషేధించారు. మా నాన్న తరం నల్లరాయి కోసి తట్టుకున్నారని మనం తెల్ల క్వార్ట్జ్ స్లాబు కూడా అదే ధైర్యంతో కోస్తున్నాం, రెండూ ఒకటి కాదు.

శాంప్లింగ్ రోజు పొద్దున ఎనిమిదింటికల్లా ఒక అమ్మాయి, ఒక కుర్రాడు వచ్చారు, బొమ్మసంద్ర మెట్రో దిగి ఆటోలో పెట్టెతో. అమ్మాయిది కర్నూలు, మావాళ్ళతో తెలుగు, హెల్పర్ కుర్రాడితో కన్నడ, ఒడిశా వాళ్ళతో హిందీ. ముందు ఒక గంట ఏమీ పెట్టలేదు, షెడ్డంతా తిరిగి చూసింది. గాలి ఎటు నుంచి వస్తుంది, ఎక్కడ నీళ్ళు వాడతారు, ఊడ్చేది ఎవరు, ఎప్పుడు ఊడుస్తారు, కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకుంటారా, అన్నీ అడిగి రాసుకుంది. ఊడ్చే కుర్రాడి గురించి అన్ని ప్రశ్నలు ఎందుకా అనుకున్నా అప్పుడు.

తర్వాత ఐదుగురికి పంపులు కట్టారు. చిన్న సబ్బుపెట్టె అంత పంపు నడుముకి బెల్ట్‌కి, దాని నుంచి సన్నని ట్యూబ్ వీపు మీదుగా భుజం పైకి వచ్చి చొక్కా కాలర్ దగ్గర క్లిప్, ఆ చివర ఒక చిన్న గొట్టం లాంటిది, దాన్ని సైక్లోన్ అంటారంట. లావు దుమ్ము అందులో తిరిగి కిందకి పడిపోతుంది, ఊపిరితిత్తుల అడుగుదాకా పోగలిగే సన్న దుమ్ము మాత్రమే పైన ఫిల్టర్ మీదకి పోతుంది. నాలుగు మైక్రాన్ల దగ్గర సగం పోతుంది సగం ఆగుతుంది అని చెప్పింది, మన తల వెంట్రుక మందం డెబ్భై మైక్రాన్ల దాకా ఉంటుంది, అంటే అసలు కంటికే కనపడదు. మనకి ఎండ వెలుతురులో ఎగురుతూ కనపడేది, కనురెప్పల మీద తెల్లగా పట్టేది లావు దుమ్ము, అసలు లోపలికి పోయేది కనపడని దుమ్ము.

ఆ ఫిల్టర్ ముక్కుకి జానెడు దూరంలోనే ఉండాలి. బాబాయ్‌కి అది గొంతు దగ్గర అడ్డంగా ఉందని మాటిమాటికీ తువ్వాలు కింద దోపుకున్నాడు, ఆ అమ్మాయి మాటిమాటికీ వచ్చి పైకి తీసి సర్దింది. "మేస్త్రీ గారూ, దీన్ని మూసేస్తే మీ ముక్కు మూసినట్టే, మీరేం పీలుస్తున్నారో దీనికి తెలియదు" అని ఒక్కసారి కూడా విసుక్కోకుండా చెప్పింది. మూడోసారికి బాబాయే తువ్వాలు తీసి పక్కన పెట్టాడు, "సరే తల్లీ" అని.

పొద్దున పంపు కట్టే ముందు గాలి ఎంత లాగుతుందో ఇంకో మీటర్ పెట్టి చూశారు, నిమిషానికి 1.7 లీటర్లు. సాయంత్రం తీసేటప్పుడు మళ్ళీ చూశారు, 1.68. రెండు రీడింగులూ నాకు చూపించి నా సంతకం తీసుకున్నారు. ఐదు శాతం కంటే తేడా వస్తే ఆ శాంపిల్ లెక్కలోకి రాదంట. ఇంకో కొత్త ఫిల్టర్ మూత కూడా తియ్యకుండా తెచ్చి అట్టాగే తీసుకుపోయారు, దారిలోగాని ల్యాబ్‌లోగాని ఏమన్నా అంటుకుంటే దాని మీద తెలుస్తుందని. రోజంతా ఆ కుర్రాడు స్టూల్ మీద కూర్చుని ఎవరు ఏ టైమ్‌కి ఏం చేస్తున్నారో రాస్తూనే ఉన్నాడు, బాబాయ్ 11:20కి సింక్ కటౌట్ పొడిగా కోశాడు, 11:35కి ఆపాడు, ఇట్టా. రిపోర్ట్‌లో ఆ చీటీ మొత్తం ఉంది. నాకు బాగా నచ్చింది అదే, నంబర్ ఎక్కువ వస్తే ఏ పని వల్ల వచ్చిందో వెతుక్కోవచ్చు.

ఒక పంపు మధ్యాహ్నం రెండింటికి ఆగిపోయింది, బ్యాటరీ. ఉన్నదాన్ని బట్టి లెక్క కట్టేయొచ్చు కదా అని నేనే అన్నా. కుదరదండీ, మళ్ళీ వస్తాం అంది. వారం తర్వాత ఆ ఒక్క మనిషి కోసం మళ్ళీ వచ్చారు, డబ్బులు తీసుకోలేదు.

అయితే రిపోర్ట్‌కి ఇరవై నాలుగు రోజులు పట్టింది, ఈ అర మార్కు తగ్గించడానికి ఒక కారణం ఇదే. ఫిల్టర్ తూచడం వాళ్ళ దగ్గరే, అందులో క్వార్ట్జ్ ఎంతో తేల్చే ఎక్స్‌ఆర్‌డీ టెస్టు వేరే ల్యాబ్‌లో చేయించారు, అక్కడ ఆలస్యం. ఆ సంగతి ముందే చెప్పుంటే బాగుండేది, బిల్డర్ వాళ్ళు నాకు రోజూ ఫోన్లు. ఖర్చు కూడా తక్కువేం కాదు, ఐదు శాంపిళ్ళకి మా దగ్గర ఒక మేస్త్రీ నెల జీతం కంటే కాస్త ఎక్కువే అయింది.

ఇప్పుడు అసలు సంగతి, నంబర్లు.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టంలో (2025 నవంబర్ 21 నుంచి దాని చోట కొత్త కార్మిక కోడ్ వచ్చింది) రెండో షెడ్యూల్ అని ఉండేది, పనిచేసే చోట గాలిలో ఏ రసాయనం ఎంత దాకా ఉండొచ్చో ఆ పట్టిక చెప్పేది. 1948 చట్టంలో మొదట అది లేదు. 1984లో భోపాల్ జరిగాక, 1987లో చట్టాన్ని సవరించి ప్రమాదకర ప్రక్రియల మీద ఒక అధ్యాయమే కొత్తగా చేర్చారు, ఈ లిమిట్ల సెక్షన్ 41ఎఫ్ అందులోదే. అంత మంది పోయాక వచ్చిన పట్టిక ఇది, మన ఫైళ్ళలో ఎవరూ తెరవకుండా పడి ఉండేది. టోలుయిన్, అమ్మోనియా, సీసం, వెల్డింగ్ పొగ, అన్నిటికీ ఎదురుగా ఒక అంకె ఉండేది, చాలావాటికి ఎనిమిది గంటల సగటు ఒకటి, పదిహేను నిమిషాల లిమిట్ ఒకటి. సిలికాకి మాత్రం అంకె లేదు, లెక్క ఉండేది. పీల్చే దుమ్ములో క్వార్ట్జ్ ఎంత శాతమో చూసి, దానికి రెండు కలిపి, పదిని దానితో భాగిస్తే వచ్చేదే లిమిట్, క్యూబిక్ మీటర్ గాలికి అన్ని మిల్లీగ్రాముల దుమ్ము. దుమ్ములో క్వార్ట్జ్ 5 శాతం ఉంటే 10ని 7తో భాగించాలి, 1.43. ముప్పై శాతం ఉంటే 0.31. తొంభై ఉంటే 0.11. రాయి మారితే లిమిట్ పదమూడు రెట్లు మారిపోతుంది. మరి నా మొదటి రిపోర్ట్‌లో క్వార్ట్జ్ శాతమే లేదు. అది లేకుండా లిమిట్ ఎంతో ఎవరూ చెప్పలేరు, లిమిట్ తెలియకుండా లోపల ఉంది అని ఎట్టా రాశారో వాళ్ళకే తెలియాలి.

బాబాయ్ శాంపిల్ ప్రకారం క్యూబిక్ మీటర్ గాలికి దుమ్ము 0.62 మిల్లీగ్రాములు, అందులో క్వార్ట్జ్ 71 శాతం. లిమిట్ 10ని 73తో భాగిస్తే 0.137. అంటే నాలుగున్నర రెట్లు.

ఆ ఫిల్టర్ మీద పడిన దుమ్ము మొత్తం ఎంతో అడిగా. ఏడు గంటల నలభై నిమిషాల్లో పంపు లాగిన గాలి దాదాపు 780 లీటర్లు, దాని మీద పడింది అర మిల్లీగ్రాము కూడా లేదు. పది ఉప్పు రవ్వల బరువు కూడా ఉండదు. ఫోటో చూపించింది, తెల్ల ఫిల్టర్ మధ్యలో బూడిద రంగు నీడ లాగా, అంతే. దాన్ని చూసి ఇంతేనా అంటాం ఎవరమైనా. ఆ ఇంతే రోజూ, ఏళ్ళ తరబడి లోపలికి పోతుంది, బయటికి రాదు.

నన్ను ఇంకా కదిలించింది ఊడ్చే కుర్రాడి రిపోర్ట్. పద్ధెనిమిదేళ్ళు నిండి ఏడాదయింది, రాయచోటి వైపు వాడు, మిషన్ ముట్టుకోడు, హెల్పరే కదా అని మాస్క్ కూడా ఇచ్చేవాళ్ళం కాదు. వాడిది 0.41, క్వార్ట్జ్ 48 శాతం, లిమిట్ 0.20, అంటే రెండింతలు. సాయంత్రం ఎండిపోయిన బురద చీపురుతో ఊడవడం, కంప్రెసర్ గాలితో మిషన్లు దులపడం, వెళ్ళేముందు అందరి బట్టలకీ గాలి కొట్టడం, ఇవన్నీ వాడే. పగలంతా నీళ్ళు పెట్టి కోసినా ఆ నీళ్ళలో కలిసిన పొడి ఎక్కడికీ పోదు, ఆరిపోయి నేల మీద ఉంటుంది, ఊడిస్తే మళ్ళీ గాలిలోకి లేస్తుంది. ఆ అమ్మాయి పొద్దున వాడి గురించి అన్ని ప్రశ్నలు ఎందుకు అడిగిందో అప్పుడు అర్థమైంది.

బ్రిడ్జ్ కటర్ మీద నీళ్ళతో కోసే ఆయనది 0.14, క్వార్ట్జ్ 34 శాతం, లిమిట్ 0.28. సగమే. నేను హమ్మయ్య అన్నా. అప్పుడు ఆమె రిపోర్ట్‌లో ఇంకో కాలమ్ చూపించింది. ఆ దుమ్ములో ఒక్క క్వార్ట్జ్ వరకే చూస్తే 0.048 మిల్లీగ్రాములు. అమెరికాలో కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా 2016లో చేసిన రూల్ ప్రకారం క్వార్ట్జ్ లిమిట్ 0.05, దానిలో సగం 0.025 దాటగానే యజమాని చర్యలు మొదలుపెట్టాలి. అక్కడి పారిశ్రామిక ఆరోగ్య నిపుణుల సంఘం ఏసీజీఐహెచ్ సిఫారసు చేసేది కూడా 0.025. మన లెక్కని క్వార్ట్జ్‌గా మార్చి చూస్తే గ్రానైట్ దగ్గరా స్లాబుల దగ్గరా సుమారు 0.1 వస్తుంది. అమెరికా వాళ్ళకి కూడా 2016కి ముందు ఇదే రకం లెక్క ఉండేది, అది చాలదని సగానికి తగ్గించుకున్నారు, మనం పాత లెక్క దగ్గరే ఉండిపోయాం. కాబట్టి మన చట్టం ప్రకారం పాస్ అయిన మనిషి అక్కడ గీత మీద నిలబడి ఉన్నాడు. వాళ్ళ లెక్కలో మా బాబాయ్ తొమ్మిది రెట్ల దగ్గర ఉన్నాడు.

ఇవన్నీ ఆమె మాకు షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది, రిపోర్ట్ మాత్రం ఇంగ్లీషులోనే ఉంది, అది నాకు నచ్చలేదు. ఎవరి మెడ దగ్గర పంపు కట్టామో వాళ్ళకి తమ నంబర్ తమ భాషలో కాయితం మీద ఉండాలి. అడిగితే మాకు ఫార్మాట్ లేదండీ అన్నారు. నేనే తెలుగులో, కన్నడలో, హిందీలో రాయించి గోడకి పెట్టా.

ఒక్క మాట మాత్రం ఆమె రెండుసార్లు చెప్పింది, ఇది ఎనిమిది గంటల లెక్క అని. సీజన్‌లో మేం పన్నెండు గంటలు చేస్తాం, అప్పుడు పీల్చేది పెరుగుతుంది, శరీరం తేరుకునే టైమ్ తగ్గుతుంది. పన్నెండు గంటల షిఫ్ట్‌కి లిమిట్‌ని సగం చేసి చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. దసరా ముందు ఓటీ చేయించే యజమానులందరూ ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఓటీ డబ్బులు ఇస్తున్నాం కదా అనుకుంటాం, గాలి సంగతి ఎవరం ఆలోచించం.

రిపోర్ట్ తర్వాత మేం చేసినవి చెప్తా. కంప్రెసర్ గాలితో బట్టలు దులుపుకోవడం ఆ రోజే బంద్, గొట్టం తీసి లోపల పెట్టేశా. పొడి గ్రైండింగ్ ఆపి నీళ్ళు వచ్చే గాలి మిషన్లు నాలుగు కొన్నాం, కరెంటు గ్రైండర్ మీద నీళ్ళు పోస్తే షాక్ కొడుతుంది కాబట్టి కంప్రెసర్ గాలితో నడిచేవే తీసుకోమంది. బాబాయ్ మొదట ఒప్పుకోలేదు, నీళ్ళుంటే అంచు కనపడదు, షైన్ ఎక్కడ వచ్చిందో తెలియదు అన్నాడు, ఆయన మాటలోనూ నిజం ఉంది, వారం పాటు పని నిదానంగా సాగింది, తర్వాత చెయ్యి అలవాటు పడింది. ఊడవడం ఆపేసి, బురద ఆరకముందే నీళ్ళతో కడిగి గుంటలోకి తోస్తున్నాం. సైట్‌లో సింక్ కటౌట్లు కోయడం మానేసి షెడ్డులోనే కోసి తీసుకెళ్తున్నాం, కొలత తప్పితే స్లాబ్ పోతుంది, రెండు పోయాయి కూడా, పోనీ.

మాస్క్ చివర్లో చెప్పింది. బట్ట మాస్క్, తువ్వాలు ఈ దుమ్ముని ఆపవు. ఎన్95 సరిగ్గా మొహానికి అతుక్కుంటే లోపలికి పోయేది పదో వంతుకి తగ్గుతుందని లెక్క వేస్తారంట, గడ్డం ఉంటే అతుక్కోదు. మావాళ్ళలో ఇద్దరు మొక్కు గడ్డాలు, వాళ్ళని దుమ్ము పని నుంచి లోడింగ్‌కి మార్చాం. దుమ్ము పుట్టకుండా చేయడం ముందు, మాస్క్ ఆ తర్వాత అని ఆమె వరుస, మేం ఇన్నాళ్ళూ మాస్క్ డబ్బా కొనిచ్చి పని అయిపోయింది అనుకునేవాళ్ళం.

మూడు నెలలకి మళ్ళీ కొలిపించాం. నీళ్ళ మిషన్ మీద ఎడ్జ్ పాలిష్ చేసే కుర్రాడిది 0.11, క్వార్ట్జ్ 60 శాతం, లిమిట్ 0.16. మన చట్టం లోపలే. కానీ క్వార్ట్జ్‌గా చూస్తే 0.066, ఓషా గీత ఇంకా పైనే. నీళ్ళు చల్లినప్పుడు లేచే తుంపరలో కూడా పొడి ఉంటుంది, గుంటలో నీళ్ళనే తిప్పి వాడుతున్నాం కాబట్టి అది మళ్ళీ మళ్ళీ లేస్తుంది, మంచినీళ్ళు వాడండి, లేదా బాగా తేరాక వాడండి అంది. ఆ పని ఇంకా నడుస్తోంది. ఊడ్చే కుర్రాడిది 0.12కి వచ్చింది, లిమిట్ 0.24. వాడికి ఆ నంబర్ చూపించినప్పుడు నాకు కాస్త ఊపిరి ఆడింది.

రెండోసారి ఎడ్జ్ పాలిష్‌లో బాబాయ్ ఎందుకు లేడంటే, ఆయన్ని ఆ పని నుంచి తీసేశాం. గాలి కొలిచే వాళ్ళు గాలి గురించే చెప్తారు, మనిషి లోపల ఏముందో డాక్టరే చెప్పాలి. ఇట్టాంటి పనుల్లో పెట్టే ముందు, తర్వాత పన్నెండు నెలలకి మించకుండా మెడికల్ చెకప్ చేయించాలని అదే 1987 అధ్యాయంలో సెక్షన్ 41సీ చెప్పేది, మేం ఒక్కసారీ చేయించలేదు. అందరికీ ఛాతీ ఎక్స్‌రే, ఊదే టెస్టు చేయించాం. బాబాయ్ ఎక్స్‌రేలో రెండు వైపులా పైభాగంలో సన్న మచ్చలు ఉన్నాయి, సీటీ తీయించమన్నారు, కఫం టెస్టులో టీబీ లేదు. వృత్తి జబ్బులు చూసే డాక్టర్లకి చూపించుకోండి అని ఆ అమ్మాయే చెప్పింది. అహ్మదాబాద్‌లో ఉన్న జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థకి దక్షిణాది సెంటర్ మన దగ్గరే దేవనహళ్ళి వైపు కన్నమంగలలో ఉందన్న సంగతి కూడా ఆమె చెప్తేనే నాకు తెలిసింది. ఇన్నేళ్ళు బెంగళూరులో ఉండి నేను ఎప్పుడూ వినలేదు.

మీరు ఎవరినైనా పిలిస్తే, పంపు మనిషికి కడతారా వరండాలో పెడతారా అడగండి. షిఫ్ట్ మొత్తం నడుపుతారా, క్వార్ట్జ్ శాతం తేలుస్తారా, ల్యాబ్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లని పరిశీలించి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా, ఉంటే ఈ టెస్టుకి ఉందా వేరేదానికా అని అడగండి, ఎందుకంటే గుర్తింపు టెస్టు టెస్టుకీ వేరుగా ఉంటుంది. పొద్దున సాయంత్రం గాలి రీడింగ్ మీ ముందే తియ్యమనండి. ఊడ్చేవాళ్ళకి కూడా పంపు కట్టమనండి, వాళ్ళు వద్దన్నా మీరు పట్టుబట్టండి. మూడు రోజుల్లో సిలికా రిపోర్ట్ ఇస్తాం అంటే నేనైతే అనుమానిస్తా.

ఐదుకి నాలుగున్నర ఇస్తున్నా. ఆ అర మార్కు ఆలస్యానికీ, కూలివాళ్ళ భాషలో కాయితం లేనందుకూ. మళ్ళీ ఉగాది తర్వాత వాళ్ళనే పిలుస్తున్నాం, నీళ్ళ గుంట పని అప్పటికి పూర్తవ్వాలి. బాబాయ్ ఇప్పుడు ఇళ్ళకి వెళ్ళి కొలతలు తీసి టెంప్లేట్ కట్ చేసుకొస్తున్నాడు, జీతం తగ్గించలేదు. మొన్న ఒక ఇంట్లో వేరే వాళ్ళ కుర్రాడు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని తెల్ల స్లాబు పొడిగా కోస్తుంటే వెళ్ళి ప్లగ్ పీకేశాడంట, ఆ పిల్లోడు తిరగబడితే పక్కన కూర్చోబెట్టి తన ఎక్స్‌రే ఫోటో ఫోన్‌లో చూపించాడంట.